ముడి వేయని జంపఖానా

రండి, ఇట్లా దగ్గరికి జరగండి. గడప మీద కూర్చున్నవాళ్లు లోపలికి రండి, వెనక వచ్చేవాళ్లకు చోటు కావాలి. పల్లీలు నమిలేవాళ్లు తొందరగా నమిలేసి మూతి తుడుచుకోండి. ఫోన్ల నోరు మూయించండి. ఇది చప్పుడు గురించిన కథ, మీరు చప్పుడు చేస్తే నడవదు. పిల్లలకు భయమైతే తల్లి కొంగు పట్టుకోండి. పెద్దలకు భయమైతే పిల్లల్ని పట్టుకోండి. ఆ, ఇప్పుడు బాగుంది.

వరంగల్ కొత్తవాడలో పండరి అని ఒకడున్నాడు. పవర్‌లూమ్ షెడ్డులో రాత్రి డ్యూటీ. రాత్రి ఎనిమిదికి పోతే పొద్దున ఎనిమిదికి ఇల్లు చేరతాడు. లోకమంతా లేచి పళ్లు తోముకునే వేళకు ఇతను చాప వెతుక్కోవాలి. అంతవరకు తంటా లేదు, వాడలో సగం మంది బతుకు అదే. తంటా అంతా పండరి చెవులతోనే. దేవుడు ఆ చెవులు చేసే రోజు ఎవరితోనో ముచ్చట్లో పడి, ఇద్దరికి పోయాల్సిన సామాను ఒక్కడికే పోశాడు.

గోడ మీద బల్లి ఈగను మింగితే ఆ ఈగ గొంతు దిగిన చప్పుడు పండరికి వినబడేది. పక్కింట్లో ఇడ్లీపిండి పులుస్తుంటే బుడగ బుడగకూ ఉలిక్కిపడేవాడు. చెవుల్లో దూది పెట్టుకుంటే దూది కదిలే చప్పుడు మొదలయ్యేది. బామ్మర్ది హెడ్‌ఫోన్లు తెచ్చిస్తే, తన నెత్తురు తన చెవిలోనే వాగులా పారడం విని భయపడి విప్పేశాడు.

మరి షెడ్డులో నలభై మగ్గాలు మోగుతుంటే ఎట్లా ఉంటాడని మీరు అడుగుతారు. షెడ్డు మోత గోడలాంటిది, రాత్రంతా ఒకటే తీరు, దానికి వీపు ఆనించి నిలబడొచ్చు. వాడలో చప్పుళ్లు రాళ్లలాంటివి. ఒక్కోటి ఒక్కో దిక్కునుంచి వచ్చి తగులుతుంది. ఉల్లిగడ్డల ఆటో మైకు, కుక్కలు, రాజక్క ఇంటి కుక్కరు, నల్లా కాడి బిందెలు. పండరి లేచి కిటికీలోంచి అందరినీ తిట్టేవాడు. తిట్టి తిట్టి గొంతు పోయాక పడుకుంటే, మళ్లీ కుక్కరు.

అట్లా నిద్ర లేని మనిషి పదిహేను రోజుల కింద మగ్గం ముందు నిలబడే కునుకు తీశాడు. పోగును మోసే నాడె ఎగిరొచ్చి చొక్కా చెయ్యిని చీల్చుకొని పోయింది, లోపలి చెయ్యి ఎట్లా మిగిలిందో అతనికే తెలియదు. పక్క మగ్గం మీద చేసే మనిషికి పోయినేడు రెండు వేళ్లు పోయాయి. ఆ రెండు వేళ్ల ఖాళీ రాత్రంతా పండరి కళ్లముందే పనిచేస్తుండేది. షెడ్డు యజమాని, ఇంకోసారి కునుకు తీస్తే లోపలికి రానియ్యనని చెప్పేశాడు. నిద్ర కావాలి, లేకపోతే చెయ్యి పోతుంది. పండరికి లోకంలో ఆ నెల ఇంకే విషయమూ లేదు.

గోడకు గోడ ఆనుకున్న ఇల్లు సమ్మయ్యది. వాడలో మిగిలిన ఆఖరి గుంట మగ్గం ఆయనదే. డెబ్బై దాటినా గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చొని, నేల మీద పరిచే జంపఖానాలు నేసేవాడు. నెల కింద, ఎండ నెత్తిమీద ఉన్న వేళ, ఆ మగ్గం మీదే తల వాల్చి పోయాడు. జంపఖానా సగంలో ఆగింది.

నేతవాళ్ల ఇళ్లల్లో ఇట్లాంటి దానికి ఒక పద్ధతి ఉంది. పోయినవాడి బట్టను మగ్గం మీదినుంచి అట్లాగే కోయరు. ఇంటివాళ్లు ఒకరు కూర్చొని జానెడైనా నేసి, కొస పోగులకు ముడులు వేసి, అప్పుడు దించుతారు. ముడి పడితేనే బట్ట అయిపోయినట్టు. ముడి లేని బట్టకు ఇంకా పేక కావాలనే ఉంటుందంటారు. నిలువు పోగులు పడుగు, అడ్డంగా వేసే పోగు పేక, అంతే, అంతకు మించి మీకు నేత తెలియనక్కర్లేదు.

సమ్మయ్య భార్య లింగమ్మకు చేతులు వణుకుతాయి. రఘునాథపల్లి నుంచి ఆమె తమ్ముడు వరికోతలు కాగానే వచ్చి ముగిస్తానన్నాడు. ఆలోపు ఆమె హసన్‌పర్తిలో చెల్లెలింటికి పది రోజులకని బయల్దేరి, తాళంచెవి పండరి భార్య ఇందు చేతిలో పెట్టి, రోజూ మగ్గం ముందు దీపం పెట్టమని చెప్పి పోయింది.

ఒకరోజు ఇందుకు జ్వరం. దీపం పెట్టడానికి పండరి పోయాడు. అగ్గిపుల్ల గీసి వంగినప్పుడు అతని చెంప ఆ సగం జంపఖానాకు తగిలింది. తగలగానే వీధి మాయమైంది. ఆటో లేదు, కుక్క లేదు, బిందె లేదు. చెంప తీశాడు, అన్నీ ఉన్నాయి. మళ్లీ ఆనించాడు, ఏదీ లేదు. అట్లా వంగినవాడు వంగినట్టే నిలబడి గంటసేపు నిద్రపోయాడు. పుల్ల కొసకంటా కాలి, చేతివేలు చురుక్కుమన్నా లేవలేదంటే చూసుకోండి.

లేచిన మనిషి కత్తెర వెతికాడు. తప్పని తెలుసు. పద్ధతి అతని తాతకూ తెలుసు, అతనికీ తెలుసు. కానీ నిద్ర కరువైనవాడి బుర్ర వేరుగా పనిచేస్తుంది. ముందు నాలుగు గంటలు పడుకుంటాను, లేచాక ముడులు వేస్తాను, లింగమ్మ పెద్దమ్మ వచ్చేలోపు మళ్లీ అక్కడే పెడతాను అనుకున్నాడు. పడుగు కోసి, జంపఖానా చుట్టి చంకలో పెట్టుకొని వచ్చి, తను పడుకునే అర్ర దర్వాజాకు మేకులు కొట్టి వేలాడదీశాడు. సమ్మయ్య మొదలుపెట్టిన కొస పైన, కత్తెర పడిన కొస కింద. మేకులు కొట్టిన చప్పుడు మాత్రం వినబడలేదు.

ఆ పొద్దు పండరి పడుకున్న తీరు చూస్తే చెరువులో రాయి కూడా సిగ్గుపడేది. సాయంత్రం ఐదింటికి లేచాడు. ముడులు వేద్దామని జంపఖానా కింది కొస చేతిలోకి తీసుకుంటే, అది నాలుగు వేళ్లు పొడుగైంది.

సమ్మయ్య నేసింది నీలమూ తెలుపూ. దాని కింద కొత్తగా ఒక ఆకుపచ్చ చార, ఒక ఎర్ర చార, సన్న సన్నవి ఇంకా ఏవో. నేత ఎంత గట్టిగా ఉందంటే గోరు దిగలేదు. పండరి కాసేపు చూశాడు. తర్వాత కొస వదిలేసి, ముఖం కడుక్కొని డ్యూటీకి పోయాడు. ముడులు వేయలేదు.

మర్నాడు వాడలో ఉల్లిగడ్డల ఆటోవాడు మైకును చెంపదెబ్బలు కొడుతున్నాడు. మైకు పలకడం లేదు, వాడి నోరూ ఉల్లిగడ్డ అన్న మాట దగ్గరికొచ్చి ఆగిపోతోంది. నల్ల కుక్క నోరు తెరుస్తోంది, మూస్తోంది, తనను తనే అనుమానంగా చూసుకుంటోంది. రాజక్క కుక్కరు కూత వేయక పప్పు బొగ్గైంది. బుధవారం ఒక పెళ్లి బరాత్ పోయింది. బ్యాండువాళ్ల బుగ్గలు బూరెల్లా ఉబ్బుతున్నాయి, పిల్లలు చిందులేస్తున్నారు, చీమ చిటుక్కుమన్నంత చప్పుడు లేదు. పెళ్లికొడుకు గుర్రం మీద అటూ ఇటూ చూసి ఏడుపు మొహం పెట్టాడు.

పండరి మాత్రం పెళ్లికొడుకులా ఉన్నాడు. కళ్ల కింద నలుపు పోయింది. షెడ్డులో ఒక్కడే నాలుగు మగ్గాలు చూసుకుంటుంటే యజమాని వచ్చి భుజం తట్టి చాయ్ చెప్పాడు. పండరి తన పది వేళ్లూ గ్లాసు చుట్టూ పెట్టి లెక్కపెట్టుకున్నాడు. పదీ ఉన్నాయి.

జంపఖానా నేలను తాకింది. తాకి ఆగలేదు. నేల మీద పరుచుకుంటూ మంచం దిక్కు రావడం మొదలుపెట్టింది. రోజూ జానెడు. గచ్చు మీద ఇందు నడిస్తే అడుగు వినబడడం మానేసింది. చెంచా కిందపడితే దూది పడ్డట్టు పడింది. ఒక సాయంత్రం ఆమె రెండు చేతులూ అతని చెవి దగ్గర పెట్టి ఊపింది.

“నా గాజులు మోగుతలేవు. దీన్ని తీసుకపోయి ఆ అవ్వ ఇంట్ల పెట్టు.”

“ఒక్క రోజు. రేపు లేవంగనే ముడులేస్త, కొండవోయి ఇస్త.”

ఆ రేపు ఎన్నిసార్లు వచ్చిందో మీరే ఊహించుకోండి. మంచం కోడు దగ్గరికి వచ్చేసింది జంపఖానా. ముడి లేని కొస పోగులు పురుగు మీసాల్లాగా మంచం దిక్కు చాచుకొని ఉన్నాయి, గాలి లేకపోయినా కొంచెం కదులుతున్నాయి.

ఎనిమిదో రోజు పొద్దున పండరి పడుకోబోతుంటే, ఇందు వంటింట్లోంచి పాల గురించి ఏదో అంటోంది. మాట నడిమిట్లో తెగింది. చెప్పడం ఆపేసిందనుకొని అతను కళ్లు మూసుకున్నాడు.

లేచేసరికి ఎండ కిటికీ దిగింది. ఛాతి మీద ఏదో చల్లగా ఉంది. తల ఎత్తి చూస్తే జంపఖానా మంచమెక్కి వచ్చి, పసిపిల్ల పడుకున్నట్టు అతని ఛాతి మీద కొస పెట్టుకొని ఉంది. పండరి ఊపిరి పీల్చాడు. వినబడలేదు. ఈగ గొంతు దిగితే వినే మనిషికి తన ఊపిరి తనకు వినబడలేదు. గట్టిగా దగ్గాడు. ఛాతి అదిరింది, చప్పుడు లేదు. చెయ్యి గుండె మీద పెట్టి చూసుకున్నాడు. అది కొట్టుకుంటోంది, కానీ మెల్లగా, కాళ్లు నొప్పిపుట్టి కూర్చోబోతున్న మనిషి నడిచినట్టు.

దర్వాజా పక్కన గోడకు ఆనుకొని ఇందు కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నోరు కదులుతోంది. ఎంతసేపటి నుంచి కదులుతోందో, పొద్దున్నుంచే కావచ్చు. అతన్ని లేపడానికి ఎన్నిసార్లు పిలిచిందో, చేతులతో ఎంత కుదిపిందో, అతని జబ్బల మీద ఎర్రటి గుర్తులున్నాయి. ఆమె వేలు పెట్టి చూపించింది. కొసకు జానెడు ఇవతల, పసుపు రంగు చార. పసుపంటే పసుపు, ఆమె పాదాలకు రాసుకునేది.

పండరి మేకులు పీకి జంపఖానాను వీధిలోకి ఈడ్చాడు. సరిగ్గా అప్పుడే లింగమ్మ ఆటో దిగింది. చూసింది. తిట్టలేదు. సంచి కింద పెట్టి, కొస పోగుల్ని తడిమి, అవి అతని ఛాతి దాకా వచ్చాయా అని అడిగింది. తల ఊపాడు.

“ఆయనకు గూడ గిట్లనే, రొమ్ము కాడికొచ్చి ఆగింది బిడ్డా. పవర్‌లూమ్‌లు పక్కపొంటి వచ్చినకాంచి ఆయనకు నిద్ర లేదు. ఆ పొద్దు మగ్గం మీద తల వెట్టి పండిండు. ఇన్నొద్దులకు కన్నంటుకున్నది గదా అని, సప్పుడు గాకుంట పొద్దుమూకేదాంక నేను మునిగాళ్ల మీదనే నడిసిన.”

వాడ అంతా గుమిగూడింది. అందరి నోళ్లూ కదులుతున్నాయి, సగం మందివే పలుకుతున్నాయి. ఎంత చిన్న సంగతికైనా ముందు నిలబడే రిటైర్డ్ కండక్టర్ రాజేశ్వర్ రావు కుర్చీ తెచ్చుకొని ముందు వరసలో వేసుకున్నాడు.

నేసుకున్న చప్పుళ్లు తిరిగి రావాలంటే విప్పాల్సిందేనని, పండరి కొస దగ్గర కూర్చొని మొదటి పేక పోగు గుంజాడు. బూడిద రంగుది, సాలెగూడంత సన్నది. అది బయటికి రాగానే అతని ఊపిరి పెద్దగా, బావిలోంచి చేద లాగినట్టు చప్పుడు చేసింది. రెండోది గుంజితే గచ్చు మీద అడుగులు. మూడోదానికి రాజక్క కుక్కరు నాలుగు కూతలు ఒకేసారి వేసింది. ఇంకొన్ని గుంజాక పసుపు పోగు. దాన్ని తెగకుండా, రెండు వేళ్లతో, పసిపిల్ల వెంట్రుకల చిక్కు తీసినట్టు తీశాడు.

“...ప్యాకెట్ తెమ్మంటి గదా, తెచ్చినవా?” అంది ఇందు.

అదీ ఆమె పొద్దున తెగిన మాట. అన్న తర్వాత తనే అదిరిపడి గొంతు పట్టుకుంది, పట్టుకొని ఏడ్చింది, ఏడుపు వినబడుతుంటే ఇంకొంచెం ఏడ్చింది.

పండరి చేతులు ఆగిపోయాయి. పోగు ఒళ్లో పెట్టుకొని మిగిలిన చారల్ని చూశాడు. ఆకుపచ్చ, ఎరుపు, నలుపు, గజాల కొద్దీ ఉన్నాయి. భార్య గొంతు వచ్చేసింది. ఇక్కడే ముడులు వేసేస్తే ఇంకేదీ లోపలికి పోదు, లోపల ఉన్నదేదీ బయటికి రాదు. కుక్కలు, ఆటోలు, బిందెలు ఇక ఈ జన్మకు ఉండవు. హాయిగా నిద్ర. పది వేళ్లు. వాడవాళ్లు అతని చేతుల దిక్కే చూస్తున్నారు. ఉల్లిగడ్డలవాడు రెండు చేతులూ జోడించాడు.

ఇందు అతని పక్కన కూర్చుంది. “ఆగినవేంది?”

“ఇవన్ని ఇప్పితె నేను పండలేను ఇందూ. పండకుంటె చెయ్యి వోతది.”

“చెయ్యి వోతే నేను తినిపిస్త. ఉల్లిగడ్డలాయన నోరు గుంజుకొని పండినోని పక్కల నేనెట్ల పండాలె? గుంజు.”

పండరి కళ్లు మూసుకొని గుంజాడు.

వరంగల్ స్టేషన్‌లో పది రైళ్లు ఒకేసారి వచ్చినా ఆ మోత రాదు. పదకొండు ఆటోల హారన్లు, ఎనిమిది రోజుల కుక్కల అరుపులు, బిందెలన్నీ కలిసి లేచాయి. బుధవారం బరాత్ బ్యాండు శుక్రవారం సాయంత్రం మోగింది, ఎక్కడో అత్తారింట్లో ఉన్న ఆ పెళ్లికొడుకు లేచి ఒక చిందు వేసే ఉంటాడు. ఉల్లిగడ్డలవాడి అరుపుకు పావురాలు లేచి ఓరుగల్లు కోట దాకా పోయాయి. రాజక్క మొగుడి గురక కూడా ఒక మట్టిరంగు చారలోంచి దొర్లి వచ్చింది. రాజక్క దాన్ని చూసి, అది అక్కడే ఉంటే బాగుండేది కదా అని నెత్తి కొట్టుకుంది.

అన్నిటికంటే మందం నల్ల చార. అది ఎవరిదా అని గుంజితే, “సప్పుడు జెయ్యకుర్రి” అని వాడంతా దద్దరిల్లింది. పండరి గొంతే. కిటికీలోంచి అతను తిట్టిన తిట్లన్నీ ఒకదాని వెనక ఒకటి బయటికి వచ్చాయి. అతను తల వంచుకొని, అయిపోయేదాకా గుంజాడు.

అట్లా గుంజుతూ గుంజుతూ చేతులు అలవాటు మీద పడ్డాయి. చారలు ఎప్పుడు అయిపోయాయో, సమ్మయ్య నేసిన తెలుపు ఎప్పుడు మొదలైందో చూసుకోలేదు. ముసలాయన ఆఖరి పేక ఒకటి అతని చేతిలోకి వచ్చేసింది.

వాడ మోత అంతా ఒక్కసారి కిందికి దిగింది, ఎవరో దుప్పటి కప్పినట్టు. ఆ నిశ్శబ్దంలో ఒక ఊపిరి. లోపలికి, బయటికి. లోపలికి, బయటికి. గాఢ నిద్రలో ఉన్న ముసలి మనిషిది. చివర చిన్న ఈల. ఎక్కడినుంచి వస్తుందో తెలియదు, ప్రతి ఒక్కరికీ తన భుజం పక్కనుంచే వచ్చినట్టుంది. నల్ల కుక్క తోక కడుపు కిందికి పెట్టుకొని కూర్చుంది.

లింగమ్మ చెయ్యి పండరి చేతి మీద పడింది. ఆ చెయ్యి వణకడం లేదు.

“ఆపు. పండుకున్నడు, లేపకు.”

ఆమె అక్కడే దుమ్ములో కూర్చొని కొస పోగుల్ని నాలుగేసి చొప్పున తీసుకొని ముడులు వేసింది. పండరి పోగులు సవరించి అందించాడు. జానెడైనా నేయాలన్న పద్ధతి తప్పింది, కానీ ఆ ఒక్క పేక తప్ప, ఆ ముసలాయన ఎక్కడ ఆపాడో అక్కడే ఆగింది. ఆఖరి ముడి బిగియగానే వాడ మోత మళ్లీ లేచింది. ఊపిరి మాత్రం జంపఖానాను అంటిపెట్టుకొని ఆడుతూనే ఉంది, బయటికొచ్చిన పోగు మళ్లీ లోపలికి పోలేదు కదా. చెవి పెడితే వినబడుతోంది.

చుట్టి భుజాన వేస్తే లింగమ్మ తన ఇంటికి వద్దంది. అది వినుకుంట తను ఉండలేనని, ఒక్కడే పడుకోవడం ఆయనకు అలవాటు లేదని, పండరినే తీసుకుపొమ్మని చెప్పింది. రఘునాథపల్లి తమ్ముడికి కబురు పెట్టింది, రానక్కర్లేదని.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి పండరి తన మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. జంపఖానా దర్వాజాకు ఉంది, పొట్టిగా, మోకాళ్ల దాకే. కింద ముడులు వరసగా ఉన్నాయి, ఏ పోగూ కదలలేదు. బయట అన్నీ ఉన్నాయి. ఉల్లిగడ్డలు, కుక్కలు, నాలుగు కూతల కుక్కరు. పండరి చేతులు ఛాతి మీద పెట్టుకొని రాత్రి డ్యూటీ గురించి, నాడె గురించి, వేళ్ల గురించి ఆలోచిస్తున్నాడు. ఇవాళ నిద్ర రాదని అతనికి తెలుసు.

అప్పుడు దర్వాజా దగ్గరినుంచి ఊపిరి. లోపలికి, బయటికి. చివర ఈల.

లేచి పోదామనుకున్నాడు. కానీ ఆ ఊపిరికి తొందర లేదు. బయట హారన్ కొడితే అది ఆగలేదు, కుక్క అరిస్తే ఆగలేదు, కుక్కరు కూస్తే చిన్నగా విసుక్కున్నట్టు ఈల వేసి మళ్లీ తన దారిన తను పోయింది. పండరి చెవి దాన్ని పట్టుకుంది. ఒక దానికి ఆనుకొని నిలబడగలిగితే, ఆ చెవికి మిగతావి తగలవు. అతని ఊపిరి దాని వెనక నడిచింది, తర్వాత దాని పక్కన నడిచింది. ఐదు నిమిషాల్లో పండరి లేడు.

మధ్యాహ్నం ఇందు భయపడి లింగమ్మను పిలిచింది, లింగమ్మ వెనక రాజక్క, రాజక్క వెనక వాడ. అందరూ కిటికీ దగ్గర నిలబడి విన్నారు. మంచం మీద ఒక్క మనిషే ఉన్నాడు. ఊపిరులు రెండు. పండరి గోడ దిక్కు ఒత్తిగిల్లాడు. ఒక క్షణం ఆగి, దర్వాజా దగ్గర కూడా ఎవరో ఒత్తిగిల్లిన చప్పుడు, చాప నలిగినట్టు. తర్వాత మళ్లీ రెండు ఊపిరులు, కలిసి. లింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుతోందో ఏడుస్తోందో ఎవరూ అడగలేదు. వాడవాళ్లలో ఒక్కరూ కదలలేదు, ఎండలో నిలబడి ఉన్నా అందరి చేతుల మీద వెంట్రుకలు నిలబడే ఉన్నాయి.

రాజేశ్వర్ రావు ఒక్కడే కళ్లద్దాలు తుడుచుకొని, బాగా ఆలోచించి, ఇందు దిక్కు వంగి చెవిలో చెప్పాడు.

“ఇద్దరు పండుతాండ్రు గదా బిడ్డా, సమ్మయ్య పేరు మీ రేషన్ కార్డుల ఎక్కియ్యి. నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఎందుకు ఇడిసిపెడ్తవు?”